బాస్కర్‌విల్ పేరుతో మీరు వేసింది బాస్కర్‌విల్ కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇంగ్లిష్ అచ్చు అక్షరాల మీద వచ్చిన వ్యాసం చదివాను. అక్షరం గీతల చివర చిన్న పాదాలుండే సెరిఫ్ ఫాంట్ల కాలం అయిపోయిందని, అందరం ఫోన్లలో చదివే ఈ రోజుల్లో అవి కంటికి శ్రమని వ్యాసకర్త అభిప్రాయం. అందుకు ఉదాహరణగా బాస్కర్‌విల్ అనే 18వ శతాబ్దపు ఇంగ్లిష్ సెరిఫ్ ఫాంటును తీసుకున్నారు. గీతలు సన్నగా ఉంటాయని, అక్షరాలు ఇరుకుగా ఉంటాయని, నాలుగు వరుసలు చదివేసరికి కళ్లు లాగుతాయని రాశారు. మాటలతో ఆపకుండా ఒక పేరాను నమూనాగా కూడా వేశారు. ఆ పని మంచిదే. అక్షరాల గురించి మాట్లాడేవారు అక్షరాలు చూపించాలి.

కానీ మీరు వేసిన నమూనాలో ఉన్నది బాస్కర్‌విల్ కాదు. టైమ్స్ న్యూ రోమన్.

నేను 26 ఏళ్లుగా ఇంగ్లిష్ పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. గత 11 ఏళ్లుగా లోపలి పేజీల డిజైన్ కూడా నేనే చేస్తున్నాను. ఆ పేరా చూడగానే ఏదో తేడాగా అనిపించింది. భూతద్దం తీసుకుని చూశాను. బాస్కర్‌విల్‌లో చిన్న ‘జి’కి పైన ఒక గుండ్రం, కింద ఒక గుండ్రం ఉంటాయి. కింది గుండ్రం పూర్తిగా మూసుకోదు, ఎడమ వైపు కాస్త తెరిచి ఉంటుంది. పెన్ను ఒక్క క్షణం ముందే ఎత్తేసినట్టు ఉంటుంది. ఈ అక్షరాన్ని గుర్తుపట్టడానికి నాకు అన్నిటికన్నా ముందు కనిపించే ఆనవాలు అదే. మీ నమూనాలో ‘జి’ 14 చోట్ల ఉంది. పద్నాలుగు చోట్లా కింది గుండ్రం మూసుకునే ఉంది. బాస్కర్‌విల్ పెద్ద ‘ఈ’లో కింది అడ్డగీత పైదానికన్నా బాగా ముందుకు వస్తుంది. పెద్ద ‘సి’కి పైనా కిందా రెండు చోట్లా పాదం ఉంటుంది. పెద్ద ‘క్యూ’ తోక పక్క అక్షరం కిందికి పాకేంత విశాలంగా సాగుతుంది. ఇవేవీ మీ నమూనాలో లేవు.

ఇలా ఎందుకు జరిగి ఉంటుందో ఊహించగలను. రోజూ ఈ పని చేసేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందే ఇది. ఒక కంప్యూటర్‌లో బాస్కర్‌విల్‌తో తయారుచేసిన పేజీని, ఆ ఫాంటు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే, సాఫ్ట్‌వేర్ తన దగ్గరున్న మరో ఫాంటును పెట్టేస్తుంది. చాలాసార్లు అది టైమ్స్ న్యూ రోమనే అవుతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే ఎంబెడ్ చేస్తే ఈ తిప్పలుండవు. హడావిడిలో అది మర్చిపోతారు. అందుకని నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ వ్యాసం మొత్తం ఆ నమూనా మీదే ఆధారపడింది. కళ్లు లాగుతున్నాయని వ్యాసకర్త అంటున్నది ఏ అక్షరం చూసి? మీ పాఠకులు ఏ అక్షరం చూసి ఆ మాట నమ్మారు?

ఇది చదువుతుంటే నాకు 260 ఏళ్ల నాటి ఒక ఉత్తరం గుర్తొచ్చింది. ఈ అక్షరాలు తయారుచేసిన జాన్ బాస్కర్‌విల్‌కు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1760లో రాసిన ఉత్తరం అది. ఫ్రాంక్లిన్ స్వతహాగా ప్రింటర్, అక్షరాల సంగతి చేతులతో తెలిసిన మనిషి. ఒకాయన ఆయనతో మాట్లాడుతూ, ఈ బాస్కర్‌విల్ దేశంలోని పాఠకులందరినీ గుడ్డివాళ్లను చేసేట్టున్నాడు, గీతలు అంత సన్నగా ఉంటే కళ్లు నొప్పెడతాయి అన్నాడట. ఆయన్ను పరీక్షించాలనిపించి ఫ్రాంక్లిన్ లోపలికి వెళ్లి, అప్పట్లో పేరున్న అక్షరాల తయారీదారు విలియం కేస్లన్ అక్షరాల నమూనా కాగితం తీసి, పైన పేరున్న భాగం చింపేసి పట్టుకొచ్చాడు. ఇది బాస్కర్‌విల్ నమూనా, నేనెంత చూసినా మీరనే లోపం నాకు కనబడటం లేదు, ఎక్కడుందో చూపించండి అని అడిగాడు. ఆయన ఒక్కొక్క సైజూ చూస్తూ లోపాలన్నీ చూపించాడు. ఇది చదువుతుంటేనే కళ్లు నొప్పెడుతున్నాయని కూడా అన్నాడు. ఆయన పుట్టిన దగ్గర్నుంచి హాయిగా చదువుతున్న పుస్తకాలన్నీ ఆ కేస్లన్ అక్షరాలతో అచ్చయినవే. ఆయన ఆరాధించే న్యూటన్ రచనలు వాటిలోనే ఉన్నాయి. ఆయన సొంత పుస్తకం కూడా వాటితోనే అచ్చయింది. ఆయన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆ సంగతి చెప్పలేదని ఫ్రాంక్లిన్ రాశాడు.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా పనిచేసి రిటైరయ్యారు. నేను చేరిన మొదటి వారంలోనే ఈ కథ చెప్పారు. చెప్పి, ఒక పుస్తకం తెరిచి పేజీని తలకిందులుగా నా ముందు పెట్టారు. చదవద్దు, చూడు అన్నారు. తిరగేస్తే మాటలు పోయి ఆకారాలు మిగులుతాయి. లావు గీత ఎక్కడ సన్నబడుతోంది, ఒక అక్షరం లోపలి తెలుపూ రెండు అక్షరాల మధ్య తెలుపూ ఎంతెంత ఉన్నాయి, అప్పుడే కనిపిస్తాయి. ఇప్పటికీ ఏ కొత్త ఫాంటు వచ్చినా నేను మొదట చేసేది అదే.

అలా చూస్తే బాస్కర్‌విల్ ఎలాంటిదో చెప్తాను. అంతకు ముందున్న కేస్లన్, గారమాండ్ లాంటి అక్షరాల్లో ఏటవాలుగా పట్టుకున్న కలం జాడ ఉంటుంది. గుండ్రాల్లో లావుగా ఉండే చోటు కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన బొడోని, దీదో అక్షరాల్లో గుండ్రాలు నిటారుగా ఉంటాయి, సన్నగీతలు వెంట్రుకలంత సన్నగా ఉంటాయి. చూడటానికి అందంగా ఉంటాయి కానీ చాలాసేపు చదివితే కళ్లు మిరుమిట్లు గొలిపినట్టుంటుంది. బాస్కర్‌విల్ ఈ రెంటి మధ్యలోది. ఒంపు దాదాపు నిటారుగా ఉంటుంది. లావుకీ సన్నానికీ తేడా స్పష్టంగా ఉంటుంది, కానీ సన్నగీత తెగిపోయేంత సన్నం కాదు. గుండ్రాలు వెడల్పుగా, గాలి ఆడేట్టు ఉంటాయి. పక్కకు ఒరిగి ఉండే ఇటాలిక్ మాత్రం మంచి చేతిరాతలా సాగుతుంది. అందులో వింతేం లేదు, అక్షరాల పనిలోకి రాకముందు బాస్కర్‌విల్ చేతిరాత నేర్పే మాస్టారు, సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కినవాడు.

వ్యాసకర్త అన్న ‘ఇరుకు’ సంగతి ఇక్కడే తేలిపోతుంది. బాస్కర్‌విల్ వెడల్పు అక్షరం. చోటు పొదుపు చేయదని దాన్ని తప్పుపడితే ఒప్పుకుంటాను, ఇరుకంటే ఒప్పుకోలేను. టైమ్స్ న్యూ రోమన్‌ను లండన్ పత్రిక ‘ది టైమ్స్’ కోసం స్టాన్లీ మోరిసన్ పర్యవేక్షణలో విక్టర్ లార్డెంట్ గీశాడు. 1932 అక్టోబర్ 3న ఆ పత్రిక మొదటిసారి ఆ అక్షరాలతో వచ్చింది. పత్రిక కాలమ్ సన్నం. అందులో ఎక్కువ మాటలు పట్టాలి, అయినా చదవడానికి వీలుండాలి. అందుకే అక్షరాల్ని కాస్త దగ్గరకు లాగి చేశారు. ఆ పనికి అది అద్భుతమైన అక్షరం. దాన్ని పుస్తకం పేజీలో వెడల్పాటి వరుసగా పరిస్తే బిగుతుగా కనిపిస్తుంది. అంటే వ్యాసకర్త కళ్లు చెప్పింది నిజమే, ఆ అక్షరం పేరే తప్పు.

బాస్కర్‌విల్ చేసిన పని అక్షరాలతో ఆగలేదు, అందుకే ఆయనంటే నాకంత గౌరవం. లోహపు వస్తువులకు జపాను పూత అనే మెరిసే వార్నిష్ వేసి అమ్మే వ్యాపారంలో ఆయన బర్మింగ్‌హామ్‌లో బాగా సంపాదించాడు. ఆ డబ్బుతో 1750 ప్రాంతంలో అచ్చు పని మొదలుపెట్టాడు. మొదటి పుస్తకం, వర్జిల్ కావ్యాలు, 1757లో గానీ బయటికి రాలేదు. మధ్యలో ఏళ్లన్నీ ఎక్కడికి పోయాయి? తను గీసిన అక్షరాల్ని జాన్ హ్యాండీ చేత ఉక్కు పంచ్‌లుగా, అంటే అచ్చు అక్షరాలు పోతపోయడానికి మూలమైన ముద్రలుగా, చెక్కించాడు. సన్నగీతలు గరుకు కాగితం మీద సరిగా పడవని గమనించాడు. అప్పటి కాగితం మీద దాన్ని తయారుచేసే జల్లెడ తీగల చారలు కనబడేవి. చారలు లేని నున్నటి వోవ్ కాగితాన్ని వర్జిల్‌లో కొన్ని పేజీలకు వాడాడు. సిరా తనే తయారుచేసుకున్నాడు, మామూలు సిరా కన్నా చిక్కటి నలుపు. అచ్చయిన కాగితాల్ని వేడి రాగి రేకుల మధ్య పెట్టి నొక్కించాడు. మార్జిన్లు ధారాళంగా వదిలాడు. పూలూ లతలూ పెట్టకుండా, మొదటి పేజీని అక్షరాలతోనే, అక్షరాల మధ్య ఖాళీతోనే నింపాడు.

అక్షరం, కాగితం, సిరా, ఖాళీ, ఈ నాలుగూ ఆయనకు ఒకే పని. ఈ మాట పట్టించుకోకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను.

ఆరేళ్ల కిందట ఒక ప్రచురణకర్త దగ్గర ఒక డాక్టరుగారి ఆత్మకథకు పనిచేశాను. బాస్కర్‌విల్ పెట్టమని నేనే సలహా ఇచ్చాను. పేజీలు తగ్గించాలని వాళ్లు నాకు చెప్పకుండా అక్షరాల సైజును 11 పాయింట్ల నుంచి 9కి తగ్గించారు, వరుసల మధ్య ఖాళీ తగ్గించారు, తళతళలాడే ఆర్ట్ పేపర్ మీద వేశారు. తయారైన పుస్తకం చూసి నాకు ఏడుపొచ్చింది. దీపం కింద పేజీ మెరుస్తోంది, ఆ మెరుపులో సన్నగీతలు సగం మాయమవుతున్నాయి. ఆ డాక్టరుగారి భార్యకు 70 ఏళ్లు దాటాయి. భర్త రాసిన పుస్తకాన్ని రెండు పేజీలు చదివి పక్కన పెట్టేశారట. ఈ ఫాంటు పనికిరాదు, రెండో ముద్రణకు సెరిఫ్ లేనిది పెడదాం అన్నారు ప్రచురణకర్త. నేను ఒక్క అవకాశం అడిగాను. ఒక అధ్యాయం మాత్రం 11 పాయింట్లలో, వరుసకీ వరుసకీ మధ్య 14.5 పాయింట్లు ఉంచి, వరుసకు 65 అక్షరాలు మించకుండా పేర్చి, మెరుపు లేని మీగడ రంగు కాగితం మీద ప్రింట్ తీసి ఆవిడకు పంపించాం. ఆవిడ ఆ అధ్యాయం చదివి, మిగతాది ఎప్పుడిస్తారని అడిగారు. రెండో ముద్రణ బాస్కర్‌విల్‌లోనే వచ్చింది. 208 పేజీల పుస్తకం 248 అయింది. ఆ 40 పేజీల ఖర్చు గురించి పెద్ద చర్చే జరిగింది, కానీ చివరికి ఒప్పుకున్నారు.

సెరిఫ్ ఉంటేనే చదవడం సులువని కొందరంటారు, లేకపోతేనే సులువని మీ వ్యాసకర్త అంటున్నారు. పరిశోధనలు ఏ ఒక్క వైపూ తేల్చి చెప్పలేదు. నా అనుభవంలో సైజు, వరుసల మధ్య ఖాళీ, వరుస పొడవు, కాగితం, ఇవే పెద్ద తేడా చూపిస్తాయి. పాఠకుడికి ఏది అలవాటో అది కూడా. అయితే ప్రూఫ్ రీడర్‌గా సెరిఫ్ వైపు నాకొక గట్టి కారణం ఉంది. పెద్ద ‘ఐ’, చిన్న ‘ఎల్’, ‘ఒకటి’ అంకె, ఈ మూడూ సెరిఫ్ లేని చాలా ఫాంట్లలో ఇంచుమించు ఒకే నిలువు గీత. కొన్నిటిలో ‘ఆర్’ పక్కన ‘ఎన్’ పడితే ‘ఎమ్’లా కనబడుతుంది. రోజుకు 40 పేజీలు దిద్దేటప్పుడు ఇలాంటి చోట తప్పు జారిపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. బాస్కర్‌విల్‌లో ఆ మూడు అక్షరాలూ వేటికవే కనిపిస్తాయి.

ఇది అన్ని చోట్లకూ పనికొస్తుందని నేను అనడం లేదు. దూరం నుంచి ఒక్క చూపులో చదవాల్సిన బోర్డుకి వద్దు. మందు సీసా మీద 5 పాయింట్ల చీటీకి అసలే వద్దు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలు వేస్తే సన్నగీతల్ని సిరా మింగేస్తుంది. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది, ఉన్న పాఠకుల కోసం సెరిఫ్ లేని అక్షరాలు వాడమని బ్రిటిష్ డిస్లెక్సియా అసోసియేషన్ సూచిస్తుంది. వాళ్లకోసం చేసే పుస్తకాల్లో నేను ఆ సూచనే పాటిస్తాను. ఫోన్ మీద చదివేవాటికి పుస్తకం కోసం చేసిన బాస్కర్‌విల్‌ను తెచ్చి పెట్టకండి. ఆ పనికి లిబ్రే బాస్కర్‌విల్ అని ఉచితంగా దొరికే ఫాంటు ఉంది. స్క్రీన్ మీద చదవడం కోసమే చిన్న అక్షరాల ఎత్తు పెంచి, లోపలి ఖాళీలు పెద్దవి చేసి తయారుచేశారు. మాథ్యూ కార్టర్ గీసిన జార్జియా కూడా స్క్రీన్ కోసం పుట్టిన సెరిఫ్ అక్షరమే. కాబట్టి ఫోన్ వచ్చింది గనుక సెరిఫ్ పోయిందనడం సరి కాదు.

వాడేవాళ్లకు ఇంకొక్క మాట. ఈ అక్షరంలో ప్రతి రెండో వాక్యాన్నీ బోల్డ్ చేయకండి. బాస్కర్‌విల్ కాలంలో బోల్డ్ అనేదే లేదు. మామూలు అక్షరానికి తోడుగా బోల్డ్ పెట్టడం 19వ శతాబ్దంలో వచ్చిన అలవాటు. నొక్కి చెప్పాలంటే దాని ఇటాలిక్ ఉంది, అంత అందమైన ఇటాలిక్‌ను వదిలేసి బోల్డ్ వాడటం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫాంటులో అసలు ఇటాలిక్ లేకపోతే సాఫ్ట్‌వేర్ మామూలు అక్షరాన్నే పక్కకు వంచి ఇస్తుంది. అది ఇటాలిక్ కాదు. చిన్న ‘ఎ’ చూస్తే తెలిసిపోతుంది. నిజమైన ఇటాలిక్‌లో దాని రూపమే మారుతుంది, వంచినదాంట్లో ఆకారం అలాగే ఉండి ఒరుగుతుంది.

ఈ అక్షరానికి నమ్మకం కలిగించే గుణం ఉందని కూడా కొందరంటారు. 2012లో డాక్యుమెంటరీ దర్శకుడు ఎరల్ మోరిస్ న్యూయార్క్ టైమ్స్ వెబ్‌సైట్‌లో ఒక ప్రయోగం చేశాడు. ఒకే పేరాను ఆరు ఫాంట్లలో వేర్వేరు పాఠకులకు చూపించి, ఇందులో చెప్పింది నిజమేనా అని అడిగాడు. దాదాపు 45 వేల మంది జవాబిచ్చారు. బాస్కర్‌విల్‌లో చదివినవాళ్లలో ఒప్పుకున్నవారు కాస్త ఎక్కువగా తేలారు. తేడా చాలా చిన్నది. దాన్ని పట్టుకుని ఈ అక్షరంలో రాస్తే ఏదైనా నమ్ముతారని చెప్పేవారితో నేను ఏకీభవించను. అబద్ధాన్ని ఏ అక్షరంలో అచ్చు వేసినా అబద్ధమే.

పాతబడిందని మీ వ్యాసం అంటున్న ఈ అక్షరం ఇంతకు ముందొకసారి నిజంగానే మరుగునపడింది. 1775లో బాస్కర్‌విల్ చనిపోయాక ఆయన భార్య సారా ఈవ్స్ ఆ సామగ్రిని ఫ్రాన్స్‌లో నాటక రచయిత బోమార్షేకు అమ్మింది. వోల్తేర్ సమగ్ర రచనల్ని జర్మనీ సరిహద్దు ఊరు కేల్‌లో ఆ అక్షరాలతోనే అచ్చు వేశారు. ఆ తర్వాత చాలా కాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1917లో అమెరికన్ పుస్తక డిజైనర్ బ్రూస్ రోజర్స్ వాటిని గుర్తించి మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. 1923లో మోనోటైప్ కంపెనీ తన అక్షరాలు పేర్చే యంత్రాల కోసం బాస్కర్‌విల్ అక్షరాల్ని మళ్లీ తయారుచేసింది. పంచ్‌లు 1953లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌కు చేరాయి. 1763లో ఆయన తన బైబిల్‌ను అచ్చు వేసింది కేంబ్రిడ్జ్‌లోనే. 1996లో జుజానా లిచ్కో ఈ అక్షరాల ఆధారంగా కొత్త ఫాంటు గీసి, దానికి సారా పేరు మీదుగా మిసెస్ ఈవ్స్ అని పేరు పెట్టింది. భర్త పోయాక ప్రెస్ నడిపిన ఆ మనిషి పేరు అలా నిలిచినందుకు నాకు చాలా సంతోషం.

నేను అడిగేది రెండే. నమూనాలో ఉన్నది టైమ్స్ న్యూ రోమన్ అని వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. వీలైతే అదే పేరాను అసలు బాస్కర్‌విల్‌లో, 11 పాయింట్లలో, వరుసలకు ఊపిరాడేంత ఖాళీ ఇచ్చి పక్కనే వేయండి. పాఠకులు చూసుకుంటారు.

ఈ ఉత్తరంతో పాటు మూడు కాగితాలు పంపుతున్నాను. మూడింటి మీదా ఒకటే పేరా, మీ వ్యాసంలోదే. ఒకటి బాస్కర్‌విల్, ఒకటి టైమ్స్ న్యూ రోమన్, ఒకటి సెరిఫ్ లేనిది. కాగితాల మీద పేర్లు వేయలేదు, వెనకాల చిన్న నంబర్లు మాత్రం రాశాను. వాటిని వ్యాసకర్తకు ఇచ్చి, మంచి వెలుతురులో తీరిగ్గా చదివి, తనకు ఏది హాయిగా ఉందో రాసి పెట్టుకోమనండి. ఏ నంబరు ఏ ఫాంటో అంటించిన చిన్న కవరులో ఉంది. ఆయన జవాబు రాశాకే అది తెరవండి. ఆయన ఎంచుకున్నది బాస్కర్‌విల్ కాకపోయినా సరే, ఆ జవాబు నాకు తెలియజేస్తే సంతోషిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక ప్రూఫ్ రీడర్